పదిహేడో అతిథి నిద్రపోవట్లేదు

కార్తీక శుద్ధ విదియ, ఉదయం గేజి
తీసుకున్నది 94. తిరగేస్తున్నది 31. బుడగ 0. గోదాం రాక 0.

రిమార్కులు: ఈ రిజిస్టరులో రిమార్కుల గడి అని ఒకటుంది. ఇరవై ఆరేళ్లుగా దీన్ని నేను నింపుతున్నాను, ఇరవై ఆరేళ్లుగా దీన్ని ఎవరూ చదవలేదు. ఒకసారి అనుమానం తీర్చుకుందామని చేపల పులుసు పెట్టే విధానం రాశాను. మర్నాడు దాని కింద "పరిశీలించబడినది" అని ఎర్ర సిరాతో సంతకం వచ్చింది. మనసులో మాట దాచుకోవడానికి ఇంతకన్నా భద్రమైన చోటు ఈ శాఖలో లేదు.

నా పేరు నూకరత్నం. ఎగువలాకులో మెమొరీ లస్కరుని, రెండో తరగతి. మా తాత ఇదే లాకులో తలుపులు ఎత్తి దించే నీటి లస్కరు. సముద్రం పైకొచ్చి, ఓడలు ఆగిపోయాక మిగిలిన పెద్ద కంప్యూటరు యంత్రాలు చల్లబడాలంటే కాలవ నీళ్లు కావాలి. అందుకని వాటిని కాలవల శాఖకే అప్పగించారు. శాఖవారు వాటిని కూడా కాలవల్లాగే చూసుకుంటున్నారు. మా కష్టాలన్నీ అక్కడే మొదలు.

మా లాకుకు వచ్చిన ఇనప పెట్టె ఒక్కటే. దాన్ని సత్రం అంటాం. లోపల ఇరవై మూడు యంత్రాలు, ఎవరికి వారు సొంతింట్లో ఉన్నామనుకుంటూ బస చేస్తుంటాయి. వాటిని అతిథులంటాం. ఉన్న మెమొరీని ఆ ఇరవై మూడింటికీ సర్దడం నా ఉద్యోగం. కొత్త మెమొరీ పలకలు రావు, చేసేవాళ్లు లేరు.

ఇవాళ కొత్త ఈఈ, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, హేమచంద్ర గారు వచ్చారు. ఇరవయ్యేళ్లు కాలవ గట్ల మీద పనిచేసిన మనిషి. గేజి చూడగానే ముఖం పాలిపోయింది.

"తొంభై నాలుగా! ఇంకా ఆరే మిగిలిందా? గట్టు తెగిపోదూ?"

"ఇది నీళ్లు కాదు సార్. తొంభై నాలుగంటే అతిథులు తలా కాస్త తీసుకుని దగ్గర పెట్టుకున్నారని. మా ఇంట్లో బియ్యం డబ్బా నిండుగా ఉందంటే ఇల్లు మునిగిపోతోందని కాదుగా అండి."

"ప్రొఫార్మాలో తొంభై దాటితే ఎరుపు అనుంది."

"ఆ ప్రొఫార్మా గోదారి వరదలకని అచ్చువేసిందండి. పైన పేరొక్కటే మార్చారు."

"అమ్మా, నాకు ఎరుపు కనబడకూడదు," అన్నారాయన. సమస్య కనబడకూడదనడం కొత్త ఆఫీసర్లందరి మొదటి ఉత్తర్వే. ఈయన నిజాయితీపరుడు, రంగు పేరు కూడా చెప్పారు.

చవితి
తీసుకున్నది 94. తిరగేస్తున్నది 33. బుడగ 0. గోదాం రాక 0.

రిమార్కులు: ఈఈ గారు ఇవాళ రెండో అంకె కనిపెట్టారు. తీసుకున్నదానిలో ఈ ఇరవై నిమిషాల్లో ఎవరెంత తిరగేశారో చెప్పే అంకె అది. అదీ లెక్కపెట్టి చెప్పేది కాదు, ఇక్కడో పేజీ అక్కడో పేజీ చూసి వేసే అంచనా. ఆయన కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు.

"రెండో అతిథి తొంభై ఒకటి! ఎవరిది?"

"సన్మానాల విభాగానిదండి. పౌర్ణమికి శాఖ స్వర్ణోత్సవం కదా. ఎవరి తర్వాత ఎవరికి దండ వేయాలో లెక్కకడుతోంది. ఒక పెద్దాయన రానంటే మొత్తం మళ్లీ మొదలు. గంటకొకాయన రానంటున్నారు."

"కష్టజీవి! మరి ఈ పదిహేడు? తీసుకున్నది కొండంత, తిరగేస్తున్నది మూడు శాతం! పడుకుందా ఏం?"

"తోకలంక గేట్లదండి. పదకొండేళ్ల పోట్లన్నీ, ఏ నిమిషానికి నీళ్లెంత ఎత్తో, అన్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. పెద్ద పోటు వచ్చినప్పుడు అలాంటిది పూర్వం ఎప్పుడొచ్చిందో వెతికి, ఏ గేటు ముందు మూయాలో చెబుతుంది. పెద్ద పోటు రోజూ రాదు కదండి."

"అంటే ఏడాదికి మూడొందల అరవై రోజులు పనిలేదు. పారని నీళ్లు పక్క పొలానికి మళ్లించాలమ్మా. ఇది కాలవల శాఖ. బుడగ ఊదండి."

ప్రతి అతిథి లోపలా మేం ఒక బుడగ పెట్టి ఉంచుతాం. ఊదమంటే అది ఉబ్బుతుంది. అతిథి అది తన ఇంటి అవసరమే అనుకుని, చోటు చేయడానికి తన సామానులో చాన్నాళ్లుగా ముట్టుకోనిదంతా గోదాములో పడేస్తుంది. గోదామంటే డిస్కు. అక్కణ్ణుంచి ఒక వస్తువు తెచ్చుకోవాలంటే మెమొరీలో వెయ్యి వస్తువులు చూసే టైము పడుతుంది. ఖాళీ అయిన చోటు మేం లాక్కుని ఇంకొకరికిస్తాం. అతిథికి తెలియదు. మర్యాదగల దోపిడీ.

ఊదాను. ఉద్యోగం కదా. అంకె ఎనభై ఎనిమిదికి దిగింది. ఎరుపు పోయింది. ఈఈ గారు మడత కాజాలు తెప్పించి పంచారు. నేనూ తిన్నాను, తిననని గొప్పలు చెప్పను.

షష్ఠి
తీసుకున్నది 88. తిరగేస్తున్నది 35. బుడగ 9. గోదాం రాక: చాలా.

రిమార్కులు: పొద్దున్నే తోకలంక నుంచి మంగతాయి వదిన ఫోను. ఆవిడ మా అన్నయ్య భార్య, ఆ లంకలో గేట్ల కాపలా. లంకలో మూడు వందల నలభై రెండు మంది ఉంటారు. ఊరు సముద్రం కన్నా పల్లంలో ఉంది. వాళ్లకూ సముద్రానికీ మధ్య ఒక కట్ట, ఆ కట్టకు ఏడు గేట్లు.

"ఏటమ్మా రత్నం, మీ యంతరానికి ముసలితనం వచ్చేసిందేటి? పోటెప్పుడని అడిగితే గొంతు సవరించుకుంటాది."

"ఎంతసేపు పట్టింది వదినా?"

"పోటుకి ముప్పావు నిమిషం పట్టిందిలే, అదేం కాదు. వారం వారం గేట్లు మూసి చూస్తాం కదా. ఎప్పుడూ నాలుగు నిమిషాలయ్యేది. ఇయ్యాల పంతొమ్మిది. ఆరు దాటితే ఊళ్లోకి నీళ్లొచ్చేస్తాయని నీకు నేను సెప్పాలా?"

అక్కర్లేదు. గోదాములోంచి ఎంత తెచ్చుకుంటోందో చెప్పే నాలుగో అంకె చూశాను. పదిహేడో అతిథి గోదాముకీ ఇంటికీ మధ్య పరుగులే పరుగులు. ఏదడిగినా గోదాములోనే ఉందాయె. సత్రానికి నిజంగా జబ్బు చేసిందో లేదో చెప్పే అంకె ఈ నాలుగోదే. శాఖవారి ప్రొఫార్మాలో దానికి గడి లేదు. ఈ రిజిస్టరులో నేనే స్కేలు పెట్టి గీసుకున్నాను. పైకి వెళ్లేది మొదటి అంకె ఒక్కటే, అది పచ్చగా నవనవలాడుతోంది.

సప్తమి

రిమార్కులు: ఈఈ గారి గదికి వెళ్లాను. పంతొమ్మిది నిమిషాల సంగతి చెప్పాను.

"వాడకం ఎంతుందమ్మా?"

"ఎనభై ఎనిమిదండి. కానీ—"

"మరింకేం?"

"సార్, ఆ అంకె బాగుండటానికే వాళ్ల ప్రాణం మీదికి తెచ్చామండి. పౌర్ణమి పోటు వస్తోంది. ఆగ్నేయం గాలి కూడా లేచింది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. చెడ్డమనిషి కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. "చూడమ్మా, నాకు వాళ్ల మీద కోపమా? పనిచేసేవాడికి మెమొరీ. అదొక్కటే నా సూత్రం. తిరగేస్తున్నది యాభై దాటిన అతిథి జోలికి బుడగ వెళ్లదు. రాసిస్తాను, కావాలంటే." రాసిచ్చారు కూడా.

కాగితం పట్టుకుని గట్టు మీద నడుస్తుంటే మా తాత చెప్పిన ముచ్చట గుర్తొచ్చింది. శివారు రైతులు తమ వంతు నీళ్లు వాడకపోతే ఆ వంతు ఎగువవాడు రాయించేసుకునేవాడట. అందుకని బీడు పొలంలోకైనా సరే నాలుగు బిందెల నీళ్లు మళ్లించి, తడి చూపించి వంతు కాపాడుకునేవారట. వెంటనే వదినకు ఫోన్ చేశాను.

"వదినా, మీ ఊళ్లోవాళ్లందరూ వంతులు వేసుకుని యంత్రాన్ని ప్రశ్నలడగాలి. పాత పోట్ల గురించి. ఎవరికి తోచిన తారీకు వాళ్లు. దాన్ని ఒక్క ఇరవై నిమిషాలు కూడా కునుకు తీయనివ్వకూడదు."

"మావోళ్లకి మాట్లాడమని సెప్పాలేటే? ఆపడమే కష్టం," అంది.

నవమి
తీసుకున్నది 89. తిరగేస్తున్నది 47. పదిహేడో అతిథి ఒక్కదానిదే 62. బుడగ 9.

రిమార్కులు: తోకలంకవాళ్లు పదిహేడో అతిథిని రెండు రోజులుగా నిద్రపోనివ్వలేదు. వంతుల పట్టీ గేట్ల గది తలుపుకు అంటించారట. పడవలు బాగుచేసే బూరయ్య తాత తన గేదె ఈనిన రోజు పోటెంతో అడిగాడు. మధ్యాహ్నం మళ్లీ వచ్చి అదే అడిగాడు, యంత్రం మాట మారుస్తుందేమోనని. ఒక అత్తాకోడళ్లు పెళ్లినాడు పడవ ఎందుకు ఆలస్యమైందని నాలుగేళ్లుగా పోట్లాడుకుంటున్నారట. ఆ రోజు ఆటు సమయంలో నీళ్లు మరీ తక్కువని యంత్రం చెప్పింది. కోడలు గెలిచింది. అత్తగారు యంత్రానికి లంచం ముట్టిందంటోంది.

నవ్వుకున్నాను గానీ, చూస్తుంటే ముచ్చటేసింది. పురుళ్లు, నామకరణాలు, పడవ దించిన రోజులు, ఒకాయన మానేసిన పొగాకు. పదకొండేళ్ల నీళ్లలో వాళ్ల బతుకంతా ఉంది. ఒక్కొక్కరూ వాళ్ల వాళ్ల రోజు తడిపి వెళుతున్నారు.

ఈఈ గారు అరవై రెండు చూసి పొంగిపోయారు. "చూశారా! బుడగ ఊదితే బద్ధకం వదిలింది!" ఈ సూత్రాన్ని స్వర్ణోత్సవ సంచికకు వ్యాసంగా రాస్తున్నారట. ఆయన కాగితం ప్రకారం బుడగ మొత్తం తీసేయాలి. సగం తీశారు. మిగతా సగం "అదిలించడానికి" ఉంచారు. అదైనా చేశారు, సంతోషం.

ఏకాదశి
తీసుకున్నది 91 (ఈఈ గారికి 89 అని చెప్పాను). తిరగేస్తున్నది 49. బుడగ 4. గోదాం రాక 0.

రిమార్కులు: లంకలో గేట్లు మూసి చూశారు. నాలుగు నిమిషాల ఐదు సెకన్లు. వదిన ఫోన్లో ఈల వేసింది. నేనూ గెలిచానే అనుకున్నాను, టీ పెట్టుకున్నాను.

టీ తాగుతూ, ఊరికే ఉండలేక, సగం బుడగ ఏ సామాను మింగిందా అని గోదాములోకి తొంగి చూశాను. ఎవరూ ముట్టుకోని తారీకులు అక్కడ ఉండాలి. ఉన్నాయి. చెల్లాచెదురుగా లేవు. వరసగా, ఒకే చోట, ఐదు రోజులు.

ఆరేళ్ల కిందటి మార్గశిర అమావాస్య. దానికి అటు రెండు రోజులు, ఇటు రెండు రోజులు.

ఊరంతా అడిగారు. పెళ్లిళ్లు అడిగారు, గేదెలు అడిగారు. ఆ రోజు మాత్రం ఎవరూ అడగలేదు. తోకలంకలో ఆ తారీకు పైకి అనరు. తప్పనిసరైతే "ఆ పొద్దు" అంటారు, అని మాట మార్చేస్తారు. ఆ పొద్దు కట్ట దాటి నీళ్లొచ్చాయి. పంతొమ్మిది మంది పోయారు. కట్ట మీద శిలాఫలకంలో పద్దెనిమిది పేర్లు ఉన్నాయి. లేని పేరు కాశీ. అప్పట్లో నాలుగో గేటు కాపలా. తాళంచెవి పట్టుకుని డ్యూటీ వదిలి పడవల రేవువైపు పరిగెత్తుతుంటే బూరయ్య తాత చూశాడు. తప్పించుకోవడానికి పడవ కోసం పోయాడని శాఖ రాసుకుంది. ఊరు ఏమీ అనలేదు, కాదని కూడా అనలేదు.

కాశీ మా అన్నయ్య. మంగతాయి వదిన మొగుడు. ఆ తర్వాత కారుణ్య నియామకం కింద ఆవిడకే గేట్ల కాపలా ఇచ్చారు. ఆ ఫలకం ముందునుంచే రోజూ డ్యూటీకి వెళుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. రోజువారీ పోటుకు యంత్రం రోజువారీ రోజుల్ని చూస్తుంది, అందుకే నాలుగు నిమిషాలు. పెద్ద పోటు, ఆగ్నేయం గాలి కలిసొస్తే అది వెతికేది ఆ పొద్దునే. పదకొండేళ్లలో అలాంటిది అదొక్కటే. అది గోదాం అడుగున ఉంది. బయటికి లాగడానికి పది నిమిషాల పైమాటే. ఊరు మునగడానికి ఆరు చాలు.

టీ చల్లారిపోయింది. పారబోశాను.

ద్వాదశి

రిమార్కులు: వదినకు ఫోన్ చేశాను. డొంకతిరుగుడుగా మొదలుపెట్టాను.

"వదినా, వంతులన్నీ బాగున్నాయి. ఒక్కటే మిగిలిపోయింది."

"ఏటది?"

"ఆ పొద్దు."

ఆగితే మళ్లీ అనలేనని వెంటనే అందుకున్నాను.

"ఎవరో ఒకళ్లు అడగాలి వదినా. అడక్కపోతే పౌర్ణమి పోటుకి దానికి అది దొరకదు."

"ఎవరో ఒకళ్లెందుకే?" వదిన గొంతు మెల్లగానే ఉంది. "యంతరం నీ సేతికిందే ఉంటాది. నీ అన్న. ఆరేళ్లబట్టీ నువ్వెందుకు అడగలేదు?"

నిజమే. ఎందుకు అడగలేదు? ఇరవై మూడు అతిథుల సామాను రోజూ తిరగేస్తాను. ఆ ఐదు రోజుల జోలికి మాత్రం ఒక్కసారీ పోలేదు. పడవ కోసమే పోయాడని తేలితే? అందుకని. అంతకుమించి కారణం లేదు. భయం.

"భయమేసింది వదినా."

"నాకూ అదే," అంది. "ఫోను పెట్టకు. ఇద్దరం ఉండగా అడుగుతాను," అంది.

అడిగింది. యంత్రం "చెబుతున్నాను" అని ఊరుకుంది. గోదాం రాక ముల్లు లేచింది. నేను ఇక్కడ ముల్లు చూస్తూ, ఆవిడ అక్కడ గోడ చూస్తూ. పదమూడు నిమిషాలు. మధ్యలో వదిన ఒకసారి "ఉన్నావా?" అంది, "ఉన్నాను" అన్నాను.

తర్వాత అది చదవడం మొదలుపెట్టింది. దానికి గొంతు వణకడం తెలియదు.

"మార్గశిర అమావాస్య. పది గంటల రెండు నిమిషాలు: కరెంటు పోయింది. మూడో గేటు సగం మూసి ఉంది. నాలుగో గేటు తెరిచి ఉంది. కట్ట లోపల నీరు వేగంగా పెరుగుతోంది. పది గంటల ఐదు నిమిషాలు: నాలుగో గేటు చేతి చక్రం తిరగడం మొదలైంది. సముద్రం వైపు నుంచి. తాళంచెవి సంఖ్య నాలుగు."

నాలుగో గేటు పడవల రేవు పక్కనే ఉంటుంది. సముద్రం వైపు చక్రం దగ్గరికి పోవాలంటే రేవులోంచే పోవాలి. నాకు ఆ సంగతి ఎప్పుడూ తెలుసు. ఎన్నడూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

"పది గంటల పంతొమ్మిది నిమిషాలు: రెండు వందల పన్నెండో చుట్టు. నాలుగో గేటు మూతపడింది. కట్ట లోపల నీరు పెరగడం ఆగింది. తాళంచెవి తీయబడలేదు."

అక్కడితో అయిపోయింది. పెద్ద పోటులో నాలుగో గేటు ముందు మూయాలని యంత్రానికి అప్పుడే తెలిసింది. ఆరేళ్లుగా అది ఆ పాఠాన్ని దాచుకుని కూర్చుంది. మేం దానికి నిద్రపోతోందని పేరు పెట్టాం.

"రెండొందల పన్నెండా?" అంది వదిన.

"అవును వదినా."

"పడవ కోసం కాదన్నమాట." మళ్లీ అంది, "పడవ కోసం కాదే రత్నం."

ఇద్దరం ఏడ్చాం. ఏడ్చినంతసేపూ ఏడ్చి, ముక్కు చీది, రేపటి నుంచి ఆ పొద్దుకి కూడా పట్టీలో వంతు వేయమని చెప్పాను.

చతుర్దశి
తీసుకున్నది 91. గోదాం రాక 0.

రిమార్కులు: ఆ ఐదు రోజులూ మెమొరీలోకి వచ్చేశాయి, అక్కడే ఉన్నాయి. చోటు కోసం యంత్రం వేరే ఏదో గోదాములో పడేసింది. అది బూరయ్య తాత గేదె. ఇవాళ ఆ జవాబుకు నిమిషమున్నర పట్టిందట. తాతకు కోపమొచ్చింది. ఎందుకో వదిన చెప్పింది. మొత్తం చెప్పింది. తాత కట్ట మీదికి పోయి కూర్చున్నాడట.

రేపు పది గంటలకు స్వర్ణోత్సవం. రేపు పదీ పదికి పోటు. సన్మానాల అతిథి ముహూర్తం మహా చక్కగా లెక్కకట్టింది.

పౌర్ణమి

రిమార్కులు: తొమ్మిదిన్నరకు గాలి ఆగ్నేయం నుంచి ఈడ్చి కొడుతోంది. వదిన గేట్ల గదిలో ఉంది. నేను గేజి ముందు కదలకుండా ఉన్నాను. ఈఈ గారు వేదిక మీద ఉన్నారు.

తొమ్మిదీ యాభైకి కమిషనర్ గారు ఇద్దరు బంధువులతో వచ్చారు. జాబితాలో లేని ఇద్దరు. సన్మానాల అతిథి దండల వరస మళ్లీ మొదటి నుంచి కట్టడం మొదలుపెట్టి మెమొరీ కోసం చెయ్యి చాచింది. దానికి ఏం కావాలంటే అది ఇమ్మని ఈఈ గారి ఉత్తర్వు ఉంది. యాభై దాటినవారి జోలికి పోవద్దన్న కాగితం సత్రానికి తెలియదు, పదిహేడులో బుడగ నిండా ఊదింది. అది చాలలేదు. సత్రం ఇక అతిథిని అడగడం కూడా మానేసి, తనే చేతికందినదల్లా గోదాములోకి విసరడం మొదలుపెట్టింది. దానికి ఏది ముఖ్యమో తెలియదు. నిన్న ముట్టుకున్నదీ, నేడు ముట్టుకున్నదీ చూడదు. గోదాం రాక ముల్లు పైకి లేచింది.

ఈఈ గారికి ఫోన్ చేశాను. వెనకాల సన్నాయి.

"వాడకం ఎంతమ్మా?"

"ఎనభై తొమ్మిదికి దిగిందండి, కానీ గోదాం రాక—"

"ఎరుపా?"

"కాదండి."

"మరేంటమ్మా!" అని పెట్టేశారు.

పదీ రెండు. "రత్నం, నీళ్లు రెండో మెట్టు దాటినాయి. యంతరం సెబుతున్నాను, సెబుతున్నాను అంటాది, సెప్పదు!"

ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఉత్తర్వు లేకుండా నేను ఒక మీట కూడా నొక్కలేదు. రెండో అతిథిని ఆపేశాను. చంపలేదు, ఉన్నచోట నిలబెట్టేశాను. దాని మెమొరీ అంతా లాగి, పదిహేడులో బుడగ సున్నా చేసి, వెళ్లి నీ సామాను తెచ్చుకో అన్నాను. ముల్లు ఒక్కసారి ఆకాశానికి లేచింది, గోదాములోంచి అంతా ఇంటికి వస్తోంది. మొన్నటిలా ఒకటి తేవడానికి ఇంకొకటి పడేయక్కర్లేదు, కావలసినంత చోటుంది కనక నిమిషంలో పడిపోయింది.

పదీ మూడు. ఫోన్లోంచి యంత్రం గొంతు నాకే వినిపించింది. "నాలుగో గేటు ముందు."

మోటార్ల చప్పుడు. నేను లెక్కపెట్టాను. నాలుగు. మూడు. ఐదు. రెండు. ఆరు. ఒకటి. ఏడు. నాలుగు నిమిషాల పది సెకన్లు.

"మూతపడ్డాయమ్మా," అంది వదిన. "అన్నీ. మీ అన్నది ముందు."

వేదిక మీద ఏం జరిగిందో సాయంత్రం తెలిసింది. వరస చెప్పే యంత్రం నడిమధ్యలో మూగబోయేసరికి శాలువా టెంటు హౌసు ఆయనకు, జ్ఞాపిక వంటమేస్త్రికి, ఈఈ గారి దండ కమిషనర్ గారి డ్రైవరుకు పడ్డాయట. డ్రైవరు రెండు ముక్కలు చాలా బాగా మాట్లాడాడట.

బహుళ తదియ
తీసుకున్నది 94. తిరగేస్తున్నది 50. బుడగ 0. గోదాం రాక 0.

రిమార్కులు: మెమో వచ్చింది. ఒకటి, ఉత్తర్వు లేకుండా రెండో అతిథిని ఎందుకు నిలిపితిరి. రెండు, తత్ఫలితంగా సత్రం వాడకం డెబ్భై ఒకటికి పడిపోయి విలువైన మెమొరీ వృథా అయినది, దీనికి బాధ్యులెవరు. మూడు, ఆ సమయమున తోకలంకలో ఏమి జరిగినది. విచారణ తేలేదాకా నేను మూడో తరగతి లస్కరుని.

మొదటి రెండింటికీ బాధ్యత నాదేనని రాశాను. మూడోదానికి "ఏమీ జరగలేదు" అని రాశాను. మూడు వందల నలభై రెండు మందికి ఆ పూట ఏమీ జరగలేదు, మధ్యాహ్నం భోజనాలు చేశారు.

ఈఈ గారి వ్యాసం అచ్చయింది. తోకలంక గేట్లు నాలుగు నిమిషాల్లో మూతపడటానికి బుడగ విధానమే కారణమట. పదిహేడో అతిథికి "ఆదర్శ అతిథి" బిరుదు ఇచ్చి, తిరగేస్తున్నది యాభైకి తగ్గనంతకాలం దాని జోలికి పోరాదని ఉత్తర్వు వేయించారు. దాన్ని తగ్గనివ్వకుండా చూసుకోవాల్సిన పని ఊరివాళ్లది. ఇక జన్మంతా ప్రశ్నలు అడుగుతూనే ఉండాలి. వాళ్లకేమీ ఇబ్బంది లేదు, బూరయ్య తాత గేదె మళ్లీ ఈనబోతోంది.

తాత నిన్న ఉలి పట్టుకుని ఫలకం దగ్గరకు పోయాడట. పడవల మీద పేర్లు చెక్కే చెయ్యి. శాఖ అనుమతి లేకుండా ప్రభుత్వ ఫలకం మీద గీతలు పెట్టడం నేరం. దాని మీద కూడా మెమో రావచ్చు. పంతొమ్మిదో పేరు మిగతావాటికన్నా కాస్త పెద్దదిగా వచ్చిందని వదిన చెప్పింది, తాత కళ్లు సరిగా కనబడక. సరిచేయమని ఎవరూ అడగలేదు.

తలుపు మీది పట్టీలో నా పేరు కూడా రాశారు. ఇవాళ నా వంతు. గేజి చూశాక, తలుపు దగ్గరకు వేసి, పదిహేడో అతిథిని అడిగాను. మార్గశిర అమావాస్య, నాలుగో గేటు.

ఈసారి "చెబుతున్నాను" అనలేదు. అడగ్గానే చెప్పింది. రెండు వందల పన్నెండు చుట్లు.